బీరపూలు విచ్చే వేళ

వంటింటి కిటికీ ఒక రెక్క గడియ వేసి, రెండో రెక్క జానెడు తెరిచిపెట్టి, రామతులసి పీట వాల్చుకుని కూర్చుంది. ఒళ్ళో చేట, చేటలో పెసలు. అత్తగారు వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే రాళ్ళేరుతున్నానని చెప్పవచ్చు. అవి పొద్దున్నే ఏరిపెట్టిన పెసలన్న సంగతి ఆవిడకు తెలిసే దారి లేదు. కిటికీ సందులోంచి పెరడంతా కనిపిస్తుంది: ఎడమపక్క నుయ్యి, నూతి చప్టా, దాన్ని ఆనుకుని వంగమళ్ళు, ఇవతలగా వెదురు గుంజల మీద బీరపందిరి, అన్నిటికీ అవతల తాటాకుల దడి, ఆ దడిలో మనిషి వంగి దూరేటంత కంత. బీరపూలు విచ్చే వేళకు పొరుగింటి తెరేసా ఆ కంతలోంచి నీళ్ళకు వస్తుంది. రోజూ వస్తుంది, ఇవాళా వస్తుంది. వచ్చి ఏం చేస్తుందో ఈ కళ్ళతో చూడాలి. పందిరికి పిందె అన్నది ఒక్కటీ నిలవకుండా ఎందుకు పచ్చబడి, వడిలి, రాలిపోతున్నదో ఇవాళ తేలిపోవాలి. తేలినా తేలకపోయినా దీపాలు పెట్టే వేళకు కూలిపనికి వచ్చే సత్తిబాబు తుమ్మకంప మోపుతో వచ్చి కంత మూసేస్తాడు. పొద్దున్నే కబురు పెట్టింది. కానీ మూసేముందు చూడాలి. చూడకుండానే మూయించానని రేపు తనకు తాను చెప్పుకోవలసి రాకూడదు.

ఎండ ఇంకా నూతి చప్టా మీదనే ఉంది. బెండమొక్కలు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి, తిట్లు తిన్న పిల్లల్లాగా. బంతిమొక్కలకు పొద్దున పోసిన నీళ్ళ తడి అప్పుడే ఆరిపోయి, మట్టి మీద తెల్లగా ఉప్పు పొర కట్టింది. ఈ ఊళ్ళో వేసవిలో మట్టి కూడా చెమట పడుతుంది అనుకుంది రామతులసి, అనుకుని, ఉప్పు అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఉప్పు. దడి అవతల తెరేసా వాళ్ళ నుయ్యి ఎండలు ముదిరేసరికి ఉప్పు పడుతుంది. సముద్రపు పోటు గోదావరిలోకి ఎక్కివచ్చి భూమిలోంచి ఊరుతుందంటారు. ఈ నుయ్యి మాత్రం తియ్యగానే ఉంటుంది. రెండు నూతులకూ మధ్య ఉన్నది ఒక్క తాటాకుల దడి. ఎందుకలా అంటే ఎవరూ చెప్పలేరు. అందుకనే మావగారు బతికుండగా దడికి కంత పెట్టించి, వేసవిలో నీళ్ళు తోడుకోమని ఆ ఇంటివాళ్ళకు మాట ఇచ్చాడు. అత్తగారు ఆ మాట కాదనలేక దానికి తన షరతు తగిలించింది: వాళ్ళ చేద వాళ్ళు తెచ్చుకోవాలి, మన చేంతాడు ముట్టుకోకూడదు. తెరేసా దానికి తన వంతు కలిపింది: తోడిన మొదటి చేద ఈ ఇంటి పాదులకు పోసి, రెండో చేద నుంచి తన బిందెలో పోసుకుంటుంది. ఎవరూ అడగలేదు. అడగనిదే ఎందుకు పోస్తుంది? ఆ మొదటి చేద ఏ నూతిదో ఎవరు చూశారు? ఇంటి దగ్గరే ఉప్పునీళ్ళు నింపుకుని వచ్చి బీర మొదట్లో ఒంపితే, తడి తడిలాగే ఉంటుంది కదా. నిన్న రామతులసి ఎవరూ చూడకుండా పాదులో మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. మట్టి రుచే ఉంది. అయినా మట్టి రుచి అంత ఖాయంగా తనకు ఎప్పుడు తెలుసు?

ఈ వేసవి అన్ని వేసవుల్లాంటిది కాదు. యానాం ఫ్రెంచి వాళ్ళ కింద ఉండాలా, చుట్టూ ఉన్న ఇండియాలో కలవాలా అని ఊరు రెండుగా చీలి కూర్చుంది. ఇండియా వైపు పోలీసులు దారికి అడ్డంగా గేటు దింపారు. సంతకు రావలసిన వంకాయల బండి గేటు అవతలే వడిలిపోతోంది. అందుకని ఈసారి పెరడు ముచ్చట కోసం వేసింది కాదు, వంట కోసం వేసింది. రామతులసి దేన్నయినా సగం సగం చెయ్యలేదు. మళ్ళకు తాడు పట్టి గీతలు గీయించింది, వంగకు బెండకు మధ్య తోటకూర, గట్ల మీద బంతి, పందిరి నీడలో కనకాంబరం, దడి వారన గుమ్మడిపాదు. మొదటి కాపు బీరకాయలు పందిరికి వేలాడుతూ ఉంటే దారిన పోయేవాళ్ళు దడి మీదనుంచి తొంగిచూశారు. భర్త కృష్ణమూర్తి కొట్టు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే పందిరి కింద నిలబడి, ఇవన్నీ మనవేనా అన్నాడు. బట్టలకొట్టు యజమాని, తాను గజాల్లో కొలవలేని వస్తువేదయినా ఆయనకు ఆశ్చర్యమే. ఇప్పుడాయన కొట్టు కట్టేశాక తిన్నగా ఇంటికి రావడం లేదు. ఊరు ఇండియాలో కలవాలనేవాళ్ళ మీటింగులకు వెళతాడు. ఎక్కడికని రామతులసి అడగదు, ఆయన చెప్పడు. అయితే అన్నం తింటూ నోరు జారి ఎవరో ఒకరి పేరు చెప్పేస్తాడు. తెరేసా మొగుడు లూయిస్ దొరల కచేరీలో బంట్రోతు. నూతి చప్టా మీద నిలబడితే వంటింట్లో మాట స్పష్టంగా వినిపిస్తుంది. బిందె నిండడానికి అంత సేపెందుకు పడుతుంది తెరేసాకు? తాడు మెల్లగా, గిలక చప్పుడు కాకుండా లాగుతుంది. నీళ్ళ కోసం వచ్చిన మనిషికి చప్పుడంటే భయమెందుకు?

"రామతులసీ!" వసారాలో మడతమంచం మీదనుంచి అత్తగారు కేక వేసింది. "పెసలు పొద్దున్నే ఏరేశావు కదే, మళ్ళీ ఏమిటీ ఏరడం?"

"ఇంకో రెండు రాళ్ళు కనిపించాయత్తయ్యా."

"చూసేదేదో కిటికీ బాగా తెరుచుకుని చూడు. మన పెరడే కదా, మనకు దొంగచూపులేమిటి?" అని, గొంతు తగ్గించి, తనలో తను అనుకుంటున్నట్టుగా అందరికీ వినబడేలా అంది: "ఏం చూస్తే ఏముందిలే. ఈ పెరట్లో ఏదీ నిలవదు."

ఆ మాట బీరపిందెల గురించి మాత్రమే కాదని రామతులసికి తెలుసు. కిందటి కార్తీకంలో తాను నాలుగు వారాలు మంచం మీద వెల్లకిలా పడుకుని దూలాలు చూస్తూ గడిపినప్పుడు, కడుపులో నిలవకుండా పోయినదాని గురించి ఇంట్లో ఎవరూ మాటెత్తలేదు. తెరేసా ఒక్కతే కంతలోంచి వచ్చి, కిటికీ అవతల నిలబడి, లోపలికి చూస్తూ కొంచెంసేపుండి వెళ్ళిపోయింది. అప్పుడది దయ అనిపించింది. ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. ఇద్దరు పిల్లల్ని చంకలోనూ కొంగు పట్టుకునీ తిప్పుకునే మనిషి అలా నిలబడి చూడటమేమిటి? అత్తగారు దాన్ని కన్ను అంటుంది. పందిరి గుంజకు పాత చెప్పు, సున్నం బొట్లు పెట్టిన నల్లకుండ వేలాడదీయించింది కూడా. రామతులసి కాకినాడలో రెండేళ్ళు కాలేజీకి వెళ్ళింది. కన్నూ కుండా నమ్మదు. నమ్మని మనిషి కుండ మీద సున్నం బొట్టు చెరిగిపోతే ఎవరూ చూడకుండా మళ్ళీ పెట్టడం ఎందుకు అంటే, బొట్టు వంకరగా ఉంటే చూడలేక.

కానీ వేలు? ఆ వేలు మాత్రం వదలటం లేదు. లేత పిందెను వేలు చాచి చూపించకూడదని తల్లి చెప్పింది, అమ్మమ్మ చెప్పింది, చూపించాలంటే వేలు మడిచి కణుపుతో చూపించాలని, లేకపోతే కుళ్ళిపోతుందని. మొదటి కాపు కోస్తున్న సాయంత్రం తామిద్దరూ పందిరి కింద నిలబడ్డారు, తెరేసా బిందె చంకన పెట్టుకుని, తాను బుట్ట పట్టుకుని. అప్పుడే పువ్వు రాలిన పిందెలు గుత్తులుగా, చిటికెనవేలంత ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో చూడమని మాటలు. నవ్వులు. ఒక వేలు నిటారుగా పైకి లేచి, ఇది, ఇది, ఇదిగో ఇదీ అని ఒక్కొక్కదాన్నీ చూపించుకుంటూ పోయింది. ఆ వేలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పొట్టిగా కత్తిరించిన గోరు, గోటి చివర పసుపు. ఆ తరువాత వచ్చిన పిందె ఒక్కటీ నిలవలేదు. కన్నును నమ్మకపోయినా, ఒకటి జరిగాక మరొకటి జరగడాన్ని ఎలా నమ్మకుండా ఉండటం?

పందిరి మీదికి ఉడత ఎక్కింది. తోక విసిరి, నల్లకుండ అంచున కూర్చుని, ఏదో గింజ తిప్పుకుంటూ తింది. దిష్టికుండ దాని భోజనశాల అయింది. దడి మీద తొండ తల ఎత్తి దించి, ఎత్తి దించి, తనతో తాను ఒప్పుకుంటూ ఉంది. బచ్చలితీగ దగ్గర గోరింకలు రెండు పురుగు కోసం జగడమాడి, పురుగు పారిపోయాక కూడా జగడం మానలేదు. చంద్రకాంత పూలు ఒక్కొక్కటీ నోరు తెరుస్తున్నాయి. ఎండ దడి పైకి పాకింది. అదిగో, పందిరి మీద మొదటి బీరపువ్వు, ఇంతదాకా ఆకుపచ్చ ముడి, ఇప్పుడు పసుపుపచ్చని రేకు, మరొకటి, అక్కడొకటి. ఎవరో కనిపించకుండా దీపాలు ముట్టించుకుంటూ పోతున్నట్టుగా. ఈ వేళకు పెరడు ఇలా ఉండదే అనిపించింది రామతులసికి. ఏదో తక్కువయింది. గోరింకలు ఉన్నాయి, ఉడత ఉంది, గాలి ఉంది. అయినా గదిలో గోడగడియారం ఆగిపోయినప్పుడు తెలిసినట్టు, ఏదో ఆగింది. ఏమిటది? ఆలోచించేలోగా దడి కదిలింది.

ముందు బిందె వచ్చింది. తరువాత తెరేసా చెయ్యి. తరువాత ఇంకో బిందె. రామతులసి పెసల చేట నేల మీద పెట్టింది. మూడోది ఇత్తడి తపేలా. నాలుగోది చిల్లు మూసి అతుకు వేసిన రేకు డబ్బా. మట్టికడవ. గంజి వార్చే గిన్నె. చివరకు పిల్లల స్నానానికి వాడే చిన్న గంగాళం, రెండు చేతులతో ఈడ్చుకుంటూ. అన్నీ నూతి చప్టా మీద వరసగా పెట్టి, తెరేసా కొంగు నడుముకు బిగించింది. రోజూ ఒక్క బిందెతో వచ్చే మనిషి! ఇవాళ ఇల్లంతా ఎత్తుకొచ్చింది. ఊరు వదిలిపోతున్నారా? దొరల వెంట లూయిస్ పుదుచ్చేరి పోతాడని చెప్పుకుంటున్నారు. పోయేవాళ్ళకు నీళ్ళెందుకు? లేక నీళ్ళు దాచిపెడుతున్నారా? ఊళ్ళో ఏదో జరగబోతోందని కచేరీలో ముందే తెలిసిందా? లేక నుయ్యి అడుగంటిస్తే రేపు ఈ పాదులు మాడతాయనా? రామతులసి కిటికీ రెక్క ఇంకో బెత్తెడు తెరిచింది. ఏదైనా సరే, ఇవాళ కళ్ళముందు జరగాల్సిందే.

తెరేసా తన చేద నూతిలోకి వదిలింది, మెల్లగా, గిలక చప్పుడు కాకుండా. వసారాలో ముసలామె పడుకుని ఉంటుందని కదా అలా వదలడం అన్న ఆలోచన వచ్చి, రామతులసికి నచ్చక, పక్కకు పోయింది. చేద పైకి వచ్చింది. ఈ నూతి నీళ్ళే. ఇన్ని గిన్నెలు ఎదురుచూస్తూ ఉంటే, ఆ మొదటి చేద తీసుకుని తెరేసా పందిరి కిందికి వచ్చింది. వంగి, బీర మొదలుకు దూరంగా, పాదు అంచున, మట్టి కొట్టుకుపోకుండా చెయ్యి అడ్డం పెట్టి చుట్టూ పోసింది. తరువాత తలెత్తి తీగలకేసి చూసింది. చెయ్యి లేచింది. రామతులసి కిటికీ సందు మీదికి వంగింది. ఆ చెయ్యి ఒక పచ్చబడిన పిందె దగ్గరికి వెళ్ళి, తాకకుండా, కొంచెంసేపు అక్కడే ఆగి, కిందికి దిగింది. కార్తీకంలో కిటికీ అవతల నిలబడ్డ మనిషి నిలబడినట్టే.

అప్పుడు గాలి తిరిగింది. కంతలోంచి, దడి అవతలినుంచి ఒక వాసన వచ్చింది. మెత్తగా, తియ్యగా, కొంచెం పొగ కలిసి. దడి మీదుగా తెరేసా ఇంటి కిటికీలో సన్నని వెలుగు కనిపిస్తోంది. మే నెలంతా సాయంత్రాలు మేరీమాత బొమ్మ ముందు వాళ్ళు కొవ్వొత్తి వెలిగిస్తారు. కొట్లో కొన్న కొవ్వొత్తికి ఈ వాసన రాదు. ఇది తనకు తెలిసిన వాసన. ఎక్కడ? పెరటి మూలనున్న ములగచెట్టు. సత్తిబాబు ఎండు తాటాకుల కాగడా పట్టుకుని చెట్టెక్కడం, పొగ, నల్లగా లేచిన మేఘం. ఉగాది ముందు అత్తగారి కనురెప్ప మీద తేనెటీగ కుట్టి మొహమంతా వాచింది. పట్టు తీయించెయ్యమంది ఆవిడ. తీయించి ఊరుకుంటే అది రామతులసి ఎందుకవుతుంది? మళ్ళీ వచ్చి పెట్టకుండా కొమ్మ మొదలంటా నరికించింది, నరికిన చోట వేపనూనె పూయించింది, రాలిన పట్టు ముక్కలు ఏరించి కాల్పించింది. తేనె సీసాలో పోయించాక మిగిలిన మైనం ముద్ద, పారేయబోయి, కంత దగ్గర నిలబడ్డ తెరేసా చేతిలో పెట్టింది. ఆ మైనమే అక్కడ వెలుగుతోంది.

ఆగిపోయినదేమిటో అప్పుడు వినిపించింది. ఈ వేళకు బీరపూల మీద ఉండే చప్పుడు, సన్నని ఝుంకారం, పెరడంతా ఎవరో ఒకటే రాగం తీస్తున్నట్టుండే చప్పుడు. అది లేదు. పూలన్నీ విచ్చుకుని ఉన్నాయి, వచ్చేవాళ్ళు లేరు. కాలేజీలో గుమ్మడిపువ్వును నిలువునా కోసి బొమ్మ గీయమన్నారు. రామతులసి గీసిన బొమ్మను మాష్టారు క్లాసంతా తిప్పి చూపించాడు, స్కేలు పెట్టి గీసిన గీతల కోసం. ఇది మగపువ్వు, ఇది ఆడపువ్వు, ఇది పుప్పొడి, దీని నుంచి దానికి మోసేది తేనెటీగ. తేనెటీగను కూడా గీసింది, రెక్కల్లో ఈనెలతో సహా. మోసేవాళ్ళు లేకపోతే పిందె పచ్చబడి రాలుతుందని పరీక్షలో రాసింది. రాసి, పాసయి, పెళ్ళయి, ఇక్కడికి వచ్చి, దాన్ని ఉపయోగించవలసిన మొదటిసారే మట్టి నాకి చూసింది.

పెరటి తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి తెరేసా ఉలిక్కిపడి చేద పట్టుకుని నిలబడిపోయింది.

"మీ తాడు ముట్టుకోలేదండీ సిన్నమ్మగోరూ. నా తాడే."

"నేనేమన్నాను?"

"ఏమన్లేదండి." చూపు గిన్నెల వరస మీదికి పోయింది. "ఇయ్యాల కొంచెం ఎక్కువ తోడుకుంటన్నానండి. కోప్పడకండి. సత్తిబాబు మా ఎనకాల తుమ్మసెట్టు నరుకుతా సెప్పాడు. ఈ మాపుతో కంత మూసేత్తన్నారంట గదా. రేపట్నించి అగ్రహారం దాకా ఎల్లాల. సంటిదాన్నొదిలేసి పోలేను, ఎత్తుకుంటే బిందె మోయలేను. ఈ నీళ్ళు రెండ్రోజులొత్తాయి."

ఇంతే. దాచిపెట్టడానికి కాదు, పుదుచ్చేరికి కాదు. రామతులసి పందిరి కిందికి నడిచి, మగపువ్వు ఒకటి తెంపి, రేకులు వెనక్కి వొలిచి, పక్కనున్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాసింది. మరొకటి. ఇంకొకటి. వేళ్ళకు పసుపుపచ్చని పొడి అంటుకుంది. తెరేసా నోరు తెరుచుకుని చూసింది.

"ఏటండీ అది?"

"తేనెటీగ పని." ఆపి, పూలకేసే చూస్తూ అంది: "పట్టు తీయించేసింది నేనే కదా."

వెనకవాకిట్లోంచి తుమ్మకంప మోపు ముందు వచ్చింది, దాని వెనక సత్తిబాబు. "అమ్మగోరూ, కంప తెచ్చేనండి. సేతులన్నీ గీరుకుపోయేయి. కంత ఇదేగదండి?" అంటూ మోపు దింపాడు. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తెరేసా ఎవరినీ చూడకుండా చప్టా మీద గిన్నెలు సర్దుతూ ఉండిపోయింది.

"కంతకు కాదు," అంది రామతులసి. "పందిరి గుంజలకు చుట్టు. ఉడతలు ఎక్కుతున్నాయి."

"ఉడతలకు తుమ్మకంపేమిటే, పులులకైనట్టు!" వసారాలోంచి అత్తగారు. "కంత మూయించవుటే?"

"మూయనత్తయ్యా."

లోపలినుంచి మడతమంచం కిర్రుమంది. ఆవిడ లేచి వస్తుంది, రెండు నిమిషాల్లో వస్తుంది, వచ్చాక చాలా మాటలుంటాయి, రాత్రి కృష్ణమూర్తి వచ్చాక ఇంకా ఉంటాయి. తెరేసా గొంతు తగ్గించి, "మరి కంత అలాగే ఉంటదా సిన్నమ్మగోరూ?" అని అడిగింది. ఆ గొంతులో నమ్మకం లేదు. ఇన్నాళ్ళూ అనుమానం తన ఒక్కదానికే ఉందనుకుంది రామతులసి. దడికి అవతలవైపు కూడా ఎవరో కిటికీ జానెడు తెరిచి చూస్తూనే ఉన్నారన్నమాట.

"ఉంటుంది. తెల్లారేసరికి గుమ్మడిపూలు విచ్చుతాయి, వాటికీ ఇలాగే చెయ్యాలి. తీగ ఎత్తి పట్టుకోవడానికి మనిషి కావాలి. నువ్వు రా." ఇంకేదో చెప్పవలసి ఉంది. పందిరి వైపు తిరిగి, "ఇటు చూడు, రాసినవి గుర్తుపెట్టుకో, రేపు నిలిచాయో లేదో చూద్దాం. ఇది, ఇది, ఇదిగో ఇదీ..." అంటూ చూపించింది.

చేద చప్టా మీద ఢమాలుమంది. తెరేసా ఒక్క అంగలో వచ్చి ఆ వేలు పట్టేసుకుంది.

"ఏలు సూపకండమ్మా, మల్లీనా! లేత పిందెలు. కుళ్ళిపోతాయి!"

ఇన్నేళ్ళలో ఆ మనిషి తనను తాకడం ఇదే మొదలు. చెయ్యి చల్లగా, తడిగా ఉంది, తాడు ఒరిపిడికి గరుకెక్కి ఉంది. పొట్టిగా కత్తిరించిన గోరుతో, గోటి చివర పసుపుతో, కొత్తగా అంటుకున్న పుప్పొడితో, రామతులసి వేలు తెరేసా పిడికిట్లో మడుచుకుని ఉంది. ఆ సాయంత్రం పందిరి కింద నిటారుగా లేచిన వేలు ఎవరిదని ఆమె ఇంక గుర్తు చేసుకోనక్కరలేకపోయింది.